మూఢంలో ఇల్లు ఎలా గడుస్తుంది?

మొన్న ఉగాది వెళ్లిన వారానికి నా స్నేహితురాలు మా ఆఫీసుకి వచ్చి, సంచిలోంచి కొత్త పంచాంగం తీసి నా బల్ల మీద పెట్టింది. తను పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తుంది. ఉండేది తెనాలి, పని మాత్రం గుంటూరు, విజయవాడ, ఒక్కోసారి ఒంగోలు దాకా. నేను గుంటూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర లెక్కలు చూస్తాను, ఇన్‌కం టాక్స్ రిటర్నులు వేస్తాను. తను ముహూర్తాల పేజీ తెరిచి చూపించింది. పెళ్లి ముహూర్తాలున్న తేదీలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది, బుకింగ్ వచ్చిన వాటి పక్కన చిన్న టిక్కు. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, పెళ్లిళ్లు ఉండవని ఆ నెలంతటి మీదా అడ్డంగా ఒకటే గీత. జూలై మధ్యలో మొదలయ్యే ఆషాఢం మీద ఇంకో గీత, భాద్రపదం మీద ఇంకోటి. "నీకు పే స్లిప్పు ఎలాగో నాకు ఇది అలాగే" అంది.

అప్పటినుంచి ఇది రాయాలని ఉంది. ఎందుకంటే డబ్బు గురించి మా వయసు వాళ్లకి ఎవరు ఏం చెప్పినా, వీడియోల్లో అయినా, బ్యాంకు వాళ్లయినా, మాట మొదలయ్యేది "జీతం రాగానే" అనే. జీతం రాగానే సగం అవసరాలకు, ముప్పై శాతం సరదాలకు, ఇరవై శాతం పొదుపుకు. జీతం రాగానే సిప్, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో ఇంత అని పెట్టడం. జీతం రాగానే ముందు దాచి తర్వాత ఖర్చు పెట్టు. మంచి మాటలే, నేను కాదనను. కానీ మా చుట్టాల్లో, స్నేహితుల్లో ముప్పై ఐదు లోపు వాళ్లని లెక్కేస్తే, ఒకటో తేదీన ఫోన్‌కి "క్రెడిటెడ్" అని మెసేజ్ వచ్చేవాళ్లు సగం మంది కూడా లేరు. మిగతా వాళ్లకి డబ్బు రోజూ వస్తుంది, లేదా ముహూర్తానికి వస్తుంది, లేదా పంట కోశాక ఒక్కసారే వస్తుంది. వీళ్లందరికీ జీతగాడి లెక్క చెప్పి, అది కుదరకపోతే "నీకు క్రమశిక్షణ లేదు" అనడం నాకు చాలా కష్టంగా అనిపిస్తుంది. ఎంత వస్తుందో అడిగే ముందు ఎప్పుడు వస్తుంది, ఏ తీరున వస్తుంది అని అడగాలి. నేను చెప్పాలనుకున్నది ఇదే, మిగతాదంతా నేను దగ్గర నుంచి చూసింది.

ముందు నా స్నేహితురాలి సంగతి. పోయిన ఏడాది కార్తీకం పెళ్లిళ్లు అయిపోగానే నవంబరు ఆఖర్లో శుక్ర మూఢం పట్టింది, ఫిబ్రవరి మధ్య దాకా వదల్లేదు. అంటే దాదాపు ఎనభై రోజులు పెళ్లి అన్న మాటే లేదు. మేకప్ వాళ్లే కాదు, ఫొటోగ్రాఫర్లు, షామియానా వాళ్లు, వంటవాళ్లు, బ్యాండు, పూలు, కార్డులు అచ్చువేసే ప్రెస్సులు, అందరికీ ఒకేసారి ఆగిపోతుంది. ఒకరి దగ్గర చేబదులు అడుగుదామన్నా అవతలి వాళ్ల చెయ్యీ ఖాళీయే. మధ్యలో సంక్రాంతి మాత్రం ఆగదు కదా, ఇంటికి అల్లుళ్లు వస్తారు, బట్టలు పెట్టాలి.

నాలుగేళ్ల కిందట తనకి ఈ లెక్క లేదు. వైశాఖంలో వరసపెట్టి పెళ్లిళ్లు చేసింది, చేతిలో ఒకేసారి లక్షన్నర కనపడింది, వాళ్లమ్మ "ఇప్పుడు కాకపోతే ఎప్పుడు కొంటావే" అంటే రెండు గాజులు తీసుకుంది. ఆషాఢం రెండో వారంలో ఆ గాజులే తీసుకెళ్లి తాకట్టు పెట్టింది. శ్రావణంలో విడిపించింది, భాద్రపదంలో మళ్లీ పెట్టింది. ఇలా రెండేళ్లు నడిచింది. ఆ వడ్డీ కాయితాలన్నీ ఒక రోజు నా ముందు పోసి, "నేను సంపాదించట్లేదంటావా, ఎక్కడ పోతోందే?" అని అడిగింది, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని.

ఇద్దరం కూర్చుని ఏడాది మొత్తం లెక్క తీశాం. వచ్చింది 6 లక్షల 20 వేలు. అందులో తనతో వచ్చే ఇద్దరు అమ్మాయిలకి ఇచ్చింది, కార్లు, సామాను (ఒక మంచి ఫౌండేషన్ ఎంత రేటు ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది) కలిపి 2 లక్షల 40 వేలు పోయింది. మిగిలింది 3 లక్షల 80 వేలు, పన్నెండు పెట్టి భాగిస్తే నెలకి 31 వేల పైచిలుకు. తను నమ్మలేదు. వైశాఖంలో లక్షన్నర చూసినప్పుడు తను ఆ లెక్కన బతికింది, ఆషాఢంలో సున్నా చూసినప్పుడు ఇంకోలా బతికింది, అసలు తన నెల సంపాదన ఎంతో తనకే తెలీదు.

అప్పుడు ఒక పద్ధతి పెట్టుకుంది. పెళ్లి డబ్బులన్నీ ఒక ఖాతాలోకే వస్తాయి, దానికి కార్డు లేదు, ఫోన్‌లో యూపీఐ కూడా లేదు. ప్రతి నెలా ఒకటో తేదీన అందులోంచి 22 వేలు తన రెండో ఖాతాలోకి దానంతటదే వెళ్లేలా బ్యాంకులో రాసిచ్చింది. వైశాఖమైనా 22 వేలే, మూఢమైనా 22 వేలే. ఆ ఖాతాలో మిగిలింది సామాను కొనడానికి, మూఢం దాటించడానికి. మొదటి ఏడాది కష్టమైంది, ఎందుకంటే ముందు ఆ ఖాతాలో నాలుగైదు నెలల డబ్బు నిలవ ఉండాలి, అది ఎక్కణ్ణించో ఊడిపడదు. ఆ రెండు గాజులూ అమ్మేసింది. వాళ్లమ్మ పది రోజులు మాట్లాడలేదు. నాకైతే అంత తెలివైన పని ఈ మధ్య ఎవరూ చేసినట్టు అనిపించలేదు.

ఇంకోటి, తనకి పన్ను పడకపోయినా రిటర్ను వేయిస్తున్నాను. తెనాలిలో చిన్న షాపు పెట్టుకోవాలని ఉంది తనకి, రేపు బ్యాంకుకి వెళ్తే వాళ్లు మొదట అడిగేది రెండు మూడేళ్ల రిటర్నులే. పే స్లిప్పు లేనివాళ్లకి అదే పే స్లిప్పు. వీడియో ఎడిటింగ్, డిజైనింగ్ చేసే పిల్లలు కూడా ఇది వినాలి. మీకు డబ్బు ఇచ్చిన కంపెనీ పది శాతం టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, పట్టుకుని ఉంటే అది మీ పాన్ మీద గవర్నమెంటు దగ్గర ఉంటుంది, మీకు పన్ను పడే ఆదాయం లేకపోతే రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది. గడువు దాటినా ఆ ఏడాది డిసెంబరు 31 దాకా ఆలస్యపు రిటర్ను వేసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఎడిటర్‌గా చేసే ఒక అబ్బాయికి రెండేళ్లు వేయక 40 వేల దాకా పోయింది, నా దగ్గరికి వచ్చేసరికి ఒక్క ఏడాదిదే రాబట్టగలిగాను.

ఇక మా బావ. మా మామయ్య కొడుకు, విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాడు, ఫుడ్ డెలివరీ చేస్తాడు. వాళ్లింట్లో తలుపు పక్కన గోడకి పెద్ద క్యాలెండర్ ఉంటుంది, తిథి, వర్జ్యం, రాహుకాలం అన్నీ చిన్న అక్షరాల్లో ఉండేది. రాత్రి ఎంత ఆలస్యంగా వచ్చినా చెప్పులు విప్పగానే మేకుకి వేలాడే పెన్ను తీసుకుని ఆ రోజు గడిలో ఒక అంకె వేస్తాడు. అది ఆ రోజు వచ్చింది కాదు. వచ్చిన దాంట్లోంచి పెట్రోలు తీసేసి, బండికని నూట యాభై తీసేసి, మిగిలింది. 1,150 వస్తే పెట్రోలుకి 260, బండికి 150 పోను 740 అని వేస్తాడు. ఆ నూట యాభై అప్పటికప్పుడే వాళ్లావిడ, అదే మా అక్కయ్య, ఖాతాకి కొట్టేస్తాడు, తన దగ్గర ఉంచుకోడు. టైర్లు, చైన్ సెట్టు, ఆయిలు, బ్రేకు లైనర్లు, అన్నీ దాంట్లోంచే.

"బావా, బండికి రోజుకి నూట యాభై ఎందుకు, మరీ ఎక్కువ కదా" అన్నాను ఒకసారి. "బండి తినేది రోజూ తింటది, అడిగేది మాత్రం ఆర్నెల్లకోసారి అడుగుద్ది" అన్నాడు. మా క్లాసులో తరుగుదల అని అరగంట చెప్పిన పాఠం ఇదే.

అలాంటి మనిషికీ 2024 సెప్టెంబరు ఒకటిన, ఆదివారం, బుడమేరు వచ్చి మీద పడింది. సింగ్‌నగర్ మునిగింది. వీళ్లు పైవాళ్ల ఇంట్లోకి ఎక్కారు, బండి నీళ్లలోనే ఉండిపోయింది. నీళ్లు తీశాక నేను వెళ్లాను. గోడ మీద బురద గీత క్యాలెండర్‌కి జానెడు కింద ఆగింది. ఆగస్టు నెల పేజీ అలాగే ఉంది, గడులన్నీ నిండి. కొత్త నెల కాయితం తిప్పి చూస్తే ఒకటో తేదీ నుంచి ఖాళీ. తర్వాత లెక్కపెట్టాను, మొత్తం పంతొమ్మిది గడులు ఖాళీగా ఉన్నాయి. ప్రభుత్వం కింది అంతస్తులో మునిగిన ఇళ్లకి 25 వేలు, టూ వీలర్లకి 3 వేలు ఇచ్చింది, అది వచ్చింది, కానీ బండి బాగు చేయించడానికే 14 వేలు అయింది. ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ మాత్రమే ఉంది. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల అవతలివాళ్లకి జరిగిన నష్టానికి, మన బండి వరదలో మునిగితే పైసా రాదు. ఈ తేడా బండి మీద బతికే కుర్రాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఇంకా ఒకటి, మునిగిన బండిని ఎండాక ఆత్రంగా స్టార్ట్ చేయకండి. నీళ్లు ఇంజనులో ఉండగా తిప్పితే ఉన్న ఇంజను కూడా పోతుంది, ఫుల్ ఇన్సూరెన్సు ఉన్నా క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.

ఆ తర్వాత బావ చేత రెండు పనులు చేయించాను. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా, రెండూ ప్రధానమంత్రి పేరు మీద ఉన్నవే, ఒక్కోటి 2 లక్షలకి. మే నెలాఖరుకి ఖాతాలో ఆ డబ్బు ఉంటే చాలు, వాళ్లే తీసుకుంటారు. ఆ రోజుకి ఖాతా ఖాళీగా ఉంటే మాత్రం బీమా ఆగిపోతుంది, అందుకే మే 25కే నేను ఫోన్ చేసి గుర్తుచేస్తాను. 2 లక్షలతో ఒక కుటుంబం బతికిపోతుందని కాదు. రోజూ రోడ్డు మీద పన్నెండు గంటలు ఉండే మనిషికి అదైనా లేకపోతే నాకు నిద్ర పట్టదు.

రోజు డబ్బులో ఉన్న కష్టం ఏంటంటే అది కనపడకుండా పోతుంది. రాత్రి చేతికి 740 వస్తే పొద్దున్నకి పాలు, టిఫిను, పిల్లాడి పుస్తకం, ఎవరిదో చదివింపులు. నెలకి 20 వేలు జీతం వచ్చే మనిషి ఖర్చుపెట్టే ముందు ఒక్కసారైనా ఆ 20 వేలు చూస్తాడు. రోజుకి 740 వచ్చే మనిషి అంత డబ్బు ఒక్కసారి కూడా చూడడు. బావ క్యాలెండర్ చేసే పని అదే, నెలాఖరున అక్కయ్య గడులన్నీ కూడి కింద మొత్తం వేస్తుంది.

మా తమ్ముడిది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు ఇంట్లో పండగ, 6 లక్షల ప్యాకేజీ, నాన్న ఊళ్లో అందరికీ "నెలకి యాభై వేలు" అని చెప్పేశాడు. మొదటి నెల చేతికి వచ్చింది 38 వేల 500. వాడు ఏదో తప్పు జరిగిందనుకుని నాకు ఫోన్ చేశాడు, "అక్కా, పదకొండు వేలు కట్ చేశారు" అని. తప్పేం లేదు. ఆరు లక్షల్లో 60 వేలు వేరియబుల్, అది ఏడాది చివర, అదీ వాళ్ల దయ. కంపెనీ కట్టే పీఎఫ్ 28,800 కూడా ప్యాకేజీలోనే చూపిస్తారు, గ్రాట్యుటీ పదకొండున్నర వేలు, ఇన్సూరెన్సు ఆరు వేలు. అవన్నీ తీసేశాక మిగిలిన దాంట్లోంచి మళ్లీ వాడి వాటా పీఎఫ్ 28,800, వృత్తి పన్ను నెలకి 200. ఇదంతా ఆఫర్ లెటర్ రెండో పేజీలోనే ఉంటుంది, చదివి చెప్పేవాళ్లే ఉండరు. నాన్న మాత్రం ఆ యాభై వేలు నమ్మే ఇంటి పైకప్పుకి అప్పు చేశాడు.

వాడు మొదటి ఉద్యోగం రెండేళ్ల తొమ్మిది నెలలు చేసి మారాడు. మారేటప్పుడు పీఎఫ్‌లో లక్షా ముప్పై వేల దాకా ఉంది. అది కొత్త కంపెనీకి మార్చుకోవాలి, యూఏఎన్ (పీఎఫ్ నంబరు) ఒకటే కాబట్టి ఆన్‌లైన్‌లో అయ్యే పని. ఎవడో రూమ్మేట్ చెప్పాడని మొత్తం తీసేశాడు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా 50 వేలు దాటి తీస్తే పది శాతం టీడీఎస్ పడుతుంది, 13 వేలు పోయాయి. వాటిని రిటర్ను వేసి వెనక్కి తెప్పించాను గానీ, 8.25 శాతం వడ్డీ వచ్చే డబ్బు పోయి బండి వచ్చింది, ఐదేళ్ల లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. ఆ రోజు వాడితో గట్టిగా మాట్లాడాను, ఇప్పటికీ కాస్త బాధగానే ఉంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి డబ్బు ఒకటో తేదీన ఖచ్చితంగా వస్తుంది, ఒకరోజు ఖచ్చితంగా ఆగిపోతుంది. మధ్యలో వాన, మూఢం ఏమీ ఉండవు, కాబట్టి ఆగుతుందన్న ఆలోచనే రాదు. వాడి పక్క గదిలో అబ్బాయికి మధ్యాహ్నం మూడింటికి మీటింగ్ అని పిలిచి, సాయంత్రానికి లాప్‌టాప్ తీసుకున్నారు. ఆ అబ్బాయి అమ్మానాన్నల ఆరోగ్య బీమా కూడా ఆ కంపెనీదే, ఉద్యోగంతో పాటే అదీ పోయింది. అందుకని తమ్ముడికి నేను చెప్పింది ఒకటే: ఆరు నెలల రూము అద్దె, ఈఎంఐలు, ఇంటికి పంపేది, ఈ మూడూ కలిపి ముందు పక్కన పెట్టు, మార్కెట్ సంగతి తర్వాత. అమ్మానాన్నలకి ఉద్యోగంతో సంబంధం లేకుండా బీమా విడిగా తీసుకో.

ఇంటికి పంపేది అన్నాను కదా, అది ఏ వీడియోలోనూ ఉండదు. సగం, ముప్పై, ఇరవైలో మన నాన్న చేసిన అప్పు ఎక్కడ వస్తుంది? అవసరమా, సరదానా? మా తమ్ముడు నెలకి 12 వేలు పంపుతాడు, అది వాడి జీతంలో మొదటి ఖర్చు, దాన్ని దాటి ఏ లెక్కా వేయలేం. నేనూ పంపేదాన్ని, పెళ్లయ్యాక ఆపలేదు, ఆ మాట మొదటి రోజే మా ఆయనతో చెప్పేశాను. చాలామంది అమ్మాయిలు సంపాదిస్తారు, ఏటీఎం కార్డు మాత్రం నాన్న దగ్గరో భర్త దగ్గరో ఉంటుంది. కార్డు తీసుకోండి, పాస్‌వర్డు మార్చుకోండి. ఇది కొట్లాట పెట్టుకోమని చెప్పడం కాదు, మీ సంపాదన మీకు తెలియాలి.

ప్రభుత్వ ఉద్యోగం అంటే అందరికీ నిశ్చింత అనిపిస్తుంది. మా పెద్దమ్మ కూతురు 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడే చేరింది. నెలకి 15 వేలు, రెండేళ్ల తర్వాత పర్మనెంట్ అన్నారు, అది అయ్యేసరికి 2022 వచ్చింది. సీపీఎస్ అనే పెన్షన్ పథకానికి పది శాతం పోతుంది. డబ్బు తక్కువే గానీ కదలదు. సరిగ్గా ఆ కదలకపోవడమే అక్క మీదికి తెచ్చింది.

చీటీ పాడుకున్నవాళ్లు డబ్బు చేతికి రావాలంటే ష్యూరిటీలు పెట్టాలి. చిట్ కంపెనీలకి అన్నిటికన్నా ఇష్టమైన ష్యూరిటీ ప్రభుత్వ ఉద్యోగి, ఎందుకంటే జీతం ఎక్కడికీ పోదు, కట్టనివాడి బదులు ఆ జీతం పట్టుకోవచ్చు. కాబట్టి పర్మనెంట్ అయిన ఆరు నెలల్లో అక్క దగ్గరికి నలుగురు వచ్చారు, "ఒక్క సంతకమే కదమ్మా, కట్టేది నేనేగా" అని. ముగ్గురిని తప్పించుకుంది, నాలుగో ఆయన పక్క సీటులో కూర్చునే మనిషి, కాదనలేకపోయింది. ఆయన 5 లక్షల చీటీ పాడుకుని, ఎనిమిది నెలలు కట్టి ఆపేశాడు. నోటీసు అక్కకి వచ్చింది. నాకు ఫోన్ చేసినప్పుడు ఆ గొంతు ఇంకా గుర్తుంది, "నేను ఒక్క రూపాయి తీసుకోలేదే, నా జీతంలో ఎలా కోస్తారు?" అని. కోస్తారు. చట్టం ప్రకారం ష్యూరిటీ అంటే బాకీదారుతో సమానం. ఇప్పటికి లక్షా 80 వేలు కట్టింది. కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే, మీ జీతం కన్నా మీ సంతకం ఖరీదు ఎక్కువ, దాన్ని జాగ్రత్త చేసుకోండి.

చీటీలు చెడ్డవని నేను అనను. నెలకి పదివేల చొప్పున ఇరవై మంది, 2 లక్షల చీటీ. ఎవరైనా అవసరం ఉండి 40 వేలు తగ్గించి పాడితే వాళ్లకి లక్షా 60 వేలు వస్తుంది, ఆ 40 వేలల్లోంచి, చీటీ మొత్తం 2 లక్షల మీద ఐదు శాతం కమిషన్ కింద పదివేలు పోను, 30 వేలు ఇరవై మందికీ పంచితే ఆ నెల తలా 8,500 కడితే సరిపోతుంది. బ్యాంకు గుమ్మం ఎక్కనివ్వని మనుషులకి ఇది దశాబ్దాలుగా పనికొచ్చింది, మా చదువులు చీటీల మీదే నడిచాయి. కానీ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగాలి. నేను అడగలేదు. మా వీధిలో ఒకావిడ, పాతికేళ్ల పరిచయం, మా అమ్మకి అక్క లాంటిది, పదకొండు నెలలు కట్టాను, లక్షకి దగ్గర దగ్గర. పన్నెండో నెల పాట రోజున ఇంటికి తాళం ఉంది. ఐపీ పెట్టేశారని సాయంత్రానికి తెలిసింది. అప్పటికి నాకు లెక్కల ఉద్యోగంలో మూడేళ్లు. ఆ డబ్బు నా కాన్పు కోసం దాచుకున్నది.

నాతో చదివిన ఒకతను పల్నాడులో మిర్చి వేస్తాడు, రెండు ఎకరాలు కౌలుకి, ఎకరా ముప్పై వేలు. వాడి డబ్బు ఏడాదికి ఒక్కసారి వస్తుంది, ఖర్చు మాత్రం ఆగస్టు నుంచి రోజూ ఉంటుంది, నారు, మందులు, కోత కూలీలు. 2025లో ఎకరానికి ఇరవై క్వింటాళ్లు పండింది, బాగానే పండింది, ధర పడిపోయింది. కేంద్రం క్వింటాకి 11,781 అని ప్రకటించాల్సి వచ్చిన ఏడాది అది. తొంభై టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టి, వాటి మీద అప్పు తీసుకుని పాత బాకీ కొంత కట్టాడు, ధర వస్తుందని ఎదురుచూశాడు. అద్దె పెరుగుతోంది, అప్పు మీద వడ్డీ పెరుగుతోంది. వాడికి నేను ఏ పొదుపు సలహా చెప్పను? వాడికి కావాల్సింది వడ్డీ తగ్గే దారి. పంట రుణం 3 లక్షల లోపు సకాలంలో కడితే వడ్డీ ఏడాదికి 4 శాతం, మన లెక్కలో చెప్పాలంటే నెలకి నూటికి పావలా పైన కొంచెం. మందుల షాపులో పెట్టే అరువు నూటికి రెండు. పావలాకీ రెండు రూపాయలకీ ఉన్న తేడాలోనే వాడి ఏడాది సంపాదన అంతా ఉంది. కానీ బ్యాంకు అప్పు కావాలంటే కౌలు కార్డు కావాలి, కార్డు కావాలంటే పొలం ఆసామి సంతకం పెట్టాలి, ఆసామి భయపడతాడు. రెండేళ్లుగా అక్కడే ఆగింది. దీని మీద నాకు కోపం ఉంది, ఎవరి మీద చూపించాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

వడ్డీ మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. మా తమ్ముడు క్రెడిట్ కార్డు బిల్లు 42 వేలు వస్తే నాలుగు నెలలు మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కట్టక తప్పని కొంచెం మాత్రమే, కట్టుకుంటూ వచ్చాడు. వాడి దృష్టిలో అది అప్పు కాదు, బిల్లు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఆ స్టేట్‌మెంటు నాన్న ముందు పెట్టి, "నాన్నా, నెలకి మూడున్నర శాతం అని రాశారు" అన్నాను. నాన్న ఇంగ్లీషు చదవలేడు. కాసేపు ఆ కాయితం పట్టుకుని, "అంటే నూటికి మూడున్నర రూపాయలా?" అన్నాడు. అవునన్నాను. "మూడున్నర రూపాయల వడ్డీకి తెచ్చి షూలు కొన్నావా రా?" అన్నాడు వాడితో. ఊళ్లో రూపాయి వడ్డీ అంటే ధర్మం, రెండు అంటే మామూలు, మూడు దాటితే ఆ ఇచ్చినవాడి మొహం కూడా చూడరు. వాడికి ఏడాదికి నలభై రెండు శాతం అని నేను వందసార్లు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క మాటతో ఎక్కింది. రెండో రోజే నాన్న ఎవరి దగ్గరో రూపాయిన్నరకి తెచ్చి ఆ కార్డు మొత్తం కట్టించాడు, ఇప్పుడు తమ్ముడు నాన్నకి కడుతున్నాడు. మీకు వచ్చే ఏ అప్పు మెసేజ్ అయినా, "ఈజీ ఈఎంఐ" అయినా, లోన్ యాప్ అయినా, దాన్ని నూటికి ఎన్ని రూపాయలో మార్చి మీ నాన్నకో తాతకో చెప్పి చూడండి.

ఇవాళ ఇంత రాయడానికి కారణం నిన్న ఒకటో తేదీ కావడం. పొద్దున్న ఆరున్నరకి నేను ఇంకా పొయ్యి దగ్గరే ఉన్నాను, ఫోన్ మోగింది. నా స్నేహితురాలు ప్రతి నెలా పంపే మెసేజే, రెండు ముక్కలు. "జీతం పడిందే."